తుపాకి లైసెన్సు – పోలీసువారి యధికారము



తుపాకి యనగానే మనవారిలో రెండు విధములైన భావములు పుట్టును. కొందఱు దాని పేరు వినినంతనే అది నేరమునకు సంబంధించిన వస్తువని తలంతురు. మఱికొందఱు చేతిలో లైసెన్సున్నచో నిక దేనికిని జంకనక్కఱలేదని తలంతురు. రెండును పొరపాట్లే. మొదటి పొరపాటు తఱచుగా పోలీసు ఠాణాలో కనబడును. రెండవది తుపాకి గలవాని యింటనే కనబడును. ఈ రెండు పొరపాట్లును ఒకచోట కలిసికొన్నప్పుడు, ఏ నేరమును చేయని గృహస్థు కోర్టు మెట్లెక్కుటయు, కాపలా లేని చేను అడవిపందుల పాలగుటయు సంభవించుచున్నవి. కావున ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో, ఎవరి యధికారము ఎంతవఱకో, నాకు తెలిసినంతవఱకు మీకు విన్నవింపదలచితిని.

చెప్పదలచిన ముఖ్యాంశమును ముందుగనే చెప్పెదను. లైసెన్సు నిచ్చుట, మార్చుట, నిలుపుట, రద్దుచేయుట అనునవి లైసెన్సు నిచ్చు అధికారి పనులు. ఆ యధికారి సాధారణముగా జిల్లా మేజిస్ట్రేటగు కలెక్టరు. పోలీసు కమీషనరేటు గల నగరములందు కమీషనరు. ఠాణాలోని పోలీసువారి పని వేఱు. వారు లైసెన్సును చూపుమని యడుగవచ్చును, అనుమానమున్న విచారింపవచ్చును, నేరము జరిగిన కేసు పెట్టవచ్చును, పై యధికారి యాజ్ఞను అమలు జరుపవచ్చును. కాని పై యధికారి చేయవలసిన నిర్ణయమును తామే చేయుటకు వారికి హక్కు లేదు. ఈ భేదము మఱచుటవలననే పెక్కు చిక్కులు వచ్చుచున్నవి.

మొదట చట్టపు చరిత్రను రెండు మాటలలో చెప్పుదును. 1878వ సంవత్సరమున బ్రిటిషు ప్రభుత్వము ఆయుధముల చట్టమును చేసెను. భారతీయుడు తుపాకి నుంచుకొనవలెనన్న లైసెన్సు కావలెను; ఐరోపావారికి మాత్రము మినహాయింపు. ఈ పక్షపాతము దేశాభిమానులకు మిక్కిలి బాధ కలిగించెను. అందుచేతనే 1931లో కరాచీ కాంగ్రెసు మహాసభ ప్రజల మూలహక్కులను గూర్చి తీర్మానించినప్పుడు, నియమములకు లోబడి ఆయుధము నుంచుకొను హక్కును కూడ అందు చేర్చెను. కాని 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు హెచ్. వి. కామత్ గారు ఆ హక్కును రాజ్యాంగమున చేర్పవలెనని సవరణ ప్రతిపాదింపగా సభ యంగీకరింపలేదు. తరువాత 1959లో స్వతంత్రభారత పార్లమెంటు క్రొత్త ఆయుధముల చట్టమును చేసెను. అది 1962 అక్టోబరు 1వ తేదీన అమలులోనికి వచ్చెను. నేటికిని అదియే శాసనము. 2019లో దానిని గట్టిగా సవరించిరి. 2016లో క్రొత్త నిబంధనలను గూడ చేసిరి.

కాబట్టి మన దేశమున తుపాకి ధరించుట పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. చట్టము చూపిన త్రోవలో పొందవలసిన అనుమతి. కాని ఒకసారి ఆ యనుమతి చేతికి వచ్చినపిమ్మట అది యెవరి దయాధర్మముమీదను ఆధారపడినది కాదు. చట్టము ప్రకారము ఇచ్చినదానిని చట్టము ప్రకారమే తీసికొనవలెను. ఈ రెండవ మాటను ఠాణాలో అందఱును గుర్తుంచుకొనరు.

ఆయుధమనగా నేమి? ఇందును పొరపాటున్నది. గృహకృత్యములకును వ్యవసాయమునకును మాత్రమే యేర్పడిన పరికరములు ఆయుధములు కావని చట్టమే స్పష్టముగా చెప్పినది. లాఠీకఱ్ఱ, సాధారణమైన చేతికఱ్ఱ అను వానిని పేరు పెట్టి మినహాయించినది. కొడవలి, గొడ్డలి, కల్లుగీతకత్తి మొదలగునవి పనిముట్లుగా నున్నంతకాలము ఆయుధముల చట్టమున ఆయుధములు కావు. సంతకు కొడవలి కొనిపోవు కూలివానిని ఆయుధధారియని ఆపుట చట్టము నెఱుగకపోవుటయే. అయితే అదే కొడవలితో ఒకరిని కొట్టినచో అది వేఱు నేరము. దానికి వేఱు శాసనమున్నది.

ఇక లైసెన్సు సంగతి. ఇరువదియొక్క యేండ్లు నిండినవాడు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. రైతునకు ముఖ్యముగా రెండు విధములైన తుపాకులు సంబంధించినవి. గొట్టము లోపల నునుపుగా నుండి, గొట్టపు పొడవు 20 అంగుళములకు తక్కువ కానిది ఒకటి. దానిని ఆత్మరక్షణకొఱకు గాని క్రీడకొఱకు గాని యడుగవచ్చును. గొట్టపు మూతినుండి మందు దట్టించెడి నాటుతుపాకి రెండవది. మన ప్రాంతములలో దీనినే భర్మారు అందురు. నిజముగా పంట కాపాడుకొనుటకు దీనిని అడుగవచ్చును. భర్మారుతో పంటరక్షణ జరుగదని అధికారికి తోచినచో మొదటి తరగతి తుపాకిని గూడ అనుమతింపవచ్చును.

దరఖాస్తు రాగానే అధికారి సమీపపు ఠాణానుండి నివేదిక తెప్పించుకొనును. ఇచ్చట పోలీసువారి మాటకు విలువ కలదు, ఉండవలసినదే. గ్రామములో ఎవడు శాంతముగా నుండునో, ఎవడు త్రాగి తగవులాడునో వారికి తెలియును. కాని అది నివేదిక మాత్రమే, తీర్పు కాదు. నిర్ణీతకాలములో ఠాణానుండి నివేదిక రాకున్నచో దానికొఱకు వేచియుండక నిర్ణయము చేయుటకు అధికారికి చట్టమే వీలు కల్పించినది. లైసెన్సు నిరాకరించినచో కారణములు వ్రాయవలెను. దరఖాస్తుదారుడు కోరినచో, ప్రజాప్రయోజనమునకు భంగమని తోచిన సందర్భమున తప్ప, ఆ కారణముల సంగ్రహమును అతనికి ఇయ్యవలెను. నీకు చాలినంత ఆస్తి లేదని మాత్రమే చెప్పి నిరాకరించుట చెల్లదు. ఈ మాట చిన్నరైతులు గుర్తుంచుకొనదగినది.

2019 సవరణకు పూర్వము ఒకరు మూడు తుపాకులవఱకు ఉంచుకొనవచ్చును. ఇప్పుడు రెండు మాత్రమే. లైసెన్సు కాలము మునుపు మూడేండ్లు, ఇప్పుడు ఐదేండ్లు. పాతలెక్కలనే నమ్మియున్న పెద్దలు దీనిని గమనింపవలెను.

ఇప్పుడు బాటపై జరుగు సంగతికి వత్తును. ఒకడు లైసెన్సు గల తుపాకితో వెళ్లుచున్నాడు. కానిస్టేబు లాపినాడు. చట్టములోని 19వ సెక్షను ఇట్టి సందర్భమునకే యేర్పడినది. అది మెట్లుమెట్లుగా నడచును. మొదటి మెట్టు: ఏ పోలీసుద్యోగియైనను లైసెన్సు చూపుమని యడుగవచ్చును. అడిగినప్పుడు చూపుట మన విధి. నీవెవడవని యెదురడుగుట తప్పు. రెండవ మెట్టు: లైసెన్సు చూపలేకపోయినను, లైసెన్సు లేకయే ధరింపదగినవాడనని ఋజువు చేయలేకపోయినను, ఉద్యోగి పేరును చిరునామాను అడుగవచ్చును, అవసరమని తోచినచో తుపాకిని స్వాధీనము చేసికొనవచ్చును. మూడవ మెట్టు: పేరు చెప్పనన్నప్పుడు గాని, తప్పుడు పేరు చెప్పుచున్నాడని అనుమానము కలిగినప్పుడు గాని, పారిపోజూచుచున్నాడని తోచినప్పుడు గాని వారంటు లేకుండ నిర్బంధింపవచ్చును.

ఈ క్రమమును గమనింపుడు. లైసెన్సు ఇంటివద్ద మఱచివచ్చిన పెద్దమనిషి తన పేరును ఊరును సరిగా చెప్పినచో, ఈ సెక్షను ప్రకారము జరుగదగినది తుపాకిని తాత్కాలికముగా తీసికొనుట మాత్రమే. లైసెన్సు చేతిలో లేకపోవుట వేఱు. లైసెన్సే లేకపోవుట వేఱు. మొదటిది కాగితము తెచ్చి చూపిన తీరును. రెండవది గొప్ప నేరము. 2019 సవరణ తరువాత దానికి సాధారణముగా రెండేండ్లకు తగ్గని, ఐదేండ్లకు మించని కారాగారశిక్ష కలదు. ఈ రెండింటిని ఒకటిగా చూచి, మొదటివానిపై రెండవ నేరమును మోపుట ఠాణాలలో తఱచుగా జరుగు పొరపాటు. అట్లే లైసెన్సునందలి ఏదో యొక షరతును తప్పినవానికి 30వ సెక్షను క్రింద ఆరు నెలల వఱకు శిక్షయో, రెండువేల రూపాయల వఱకు జుల్మానాయో, రెండునో గలవు. అదియును నేరమే, కాని లైసెన్సు లేని తుపాకి నేరమంతటిది కాదు.

మఱియొక ముఖ్యమైన సంగతి. లైసెన్సు లేని తుపాకి కేసులో కోర్టులో అభియోగము నడుపవలెనన్న ముందుగా జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావలెనని 39వ సెక్షను చెప్పుచున్నది. ఈ యనుమతి లేక నడచిన కేసు నిలువదు. మీ గ్రామస్థునిపై ఇట్టి కేసు వచ్చినప్పుడు మీ వకీలు మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే.

లైసెన్సు లేకయే ధరించు వారెవరని మీరడుగవచ్చును. మన పొరుగున కర్ణాటకమందలి కొడగుసీమ యున్నది. అచ్చటి కొడవజాతివారికిని, జమ్మాభూములు గలవారికిని 1861 నుండి ఆయుధచట్టమున మినహాయింపు కలదు. కేంద్రప్రభుత్వము దానిని 2019లో మరల పదియేండ్లకు పొడిగించినది. అట్టివారిని చూచి లైసెన్సేదని నిర్బంధించుట చెల్లదు. వారు తమకు గల మినహాయింపును చూపిన చాలును.

మన గ్రామములకు ఇంతకన్న దగ్గఱి మినహాయింపు ఒకటి కలదు. లైసెన్సు గలవాని సమక్షమున గాని, అతడు వ్రాసియిచ్చిన అధికారపత్రముతో గాని, మఱియొకడు ఆ తుపాకిని మరమ్మతు కొఱకును, లైసెన్సు మార్పించుకొనుట కొఱకును, యజమాని యుపయోగము కొఱకును మోసికొనిపోవచ్చునని 3వ సెక్షనులోనే యున్నది. వకీలుగా నేనెఱిగిన యొక సంగతి చెప్పుదును. ఒక గ్రామమున ఒక వృద్ధుడు మోకాళ్లనొప్పిచే కదలలేక, లైసెన్సు గడువు తీరవచ్చుచున్నదని కుమారునిచేత తుపాకిని పట్టణమునకు పంపెను. త్రోవలో పోలీసువారు ఆ పిల్లవానిని ఆపి, “లైసెన్సు మీ నాయన పేర నున్నది, తుపాకి నీ చేతిలో నున్నది, ఇంకేమి కావలెను?” అని ఠాణాకు గొనిపోయిరి. తండ్రి కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసి వ్రేలిముద్ర వేసి పంపియున్నాడు. ఆ కాగితమును పిల్లవాడు చూపెను గాని చదివినవారు లేరు. మఱునాడు వకీలు వెళ్లి 3వ సెక్షనును చదివి వినిపింపగా, పెద్ద యుద్యోగి చట్టపుస్తకము తెప్పించి చూచి, పిల్లవానిని తుపాకితో సహా పంపివేసెను. ఆ యుద్యోగి దుర్మార్గుడు కాడు. క్రిందివారికి ఆ వాక్యమున్నదని యెవరును చెప్పలేదు, అంతియే. కాని ఒక రాత్రి ఠాణాలో గడపిన పిల్లవానిని గూర్చి ఊరిలో పుట్టిన మాటలు అంత త్వరగా పోలేదు. ఆ నాలుగు పంక్తుల కాగితమే లేకున్నచో అతనికి రక్షణయే యుండెడిది కాదు.

తూటాల విషయమునను ఇట్టి చిక్కే కలదు. పిల్లలు చదువులకై విమానములలో దూరదేశములకు పోవుచున్న కాలమిది. ఇంటిలోని పాతసంచిలో తాతగారి వేటనాటి తూటా యొకటి అడుగున నుండిపోవును. విమానాశ్రయమున యంత్రము దానిని పట్టును, వెంటనే కేసు. వస్తువు తనవద్ద నున్నదని యెఱిగి యుంచుకొనుటయే చట్టమున స్వాధీనమనబడునని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పినది. ఆ న్యాయమును బట్టియే ఢిల్లీ హైకోర్టు ఇట్టి ఒంటితూటా కేసులను పెక్కింటిని కొట్టివేసినది. కాని కొట్టివేయునాటికి విమానము పోయినది; కాలేజీలో చేరవలసిన గడువును పోయినది. కావున కేసు గెలుచుటకన్న సంచి దులుపుట మేలు. లైసెన్సు గలవారి యింట ప్రయాణమునకు ముందు ప్రతి సంచిని, ప్రతి పెట్టెను త్రిప్పి చూడవలెను.

ఇక ఎన్నికల సంగతికి వత్తును. మన రైతులకు అన్నింటికన్న ఎక్కువ నష్టము ఇచ్చటనే కలుగుచున్నది.

ఎన్నికల ప్రకటన వెలువడగానే ఠాణానుండి కబురు వచ్చును: లైసెన్సు తుపాకులన్నియు తెచ్చి అప్పగింపవలెను. ఎవరు, ఎందుకు అను ప్రశ్న లేదు, అందఱును. 2024 సాధారణ ఎన్నికలనే చూడుడు. మార్చి 16వ తేదీన ప్రకటన వచ్చినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో మే 13న వోటింగు జరిగినది. జూన్ 4న ఫలితములు వచ్చినవి. ప్రకటననుండి ఫలితముల వఱకు ఎనుబది దినములు. అడవి యంచున చేను గల రైతునకు ఎనుబది రాత్రులు తుపాకి లేకుండుట యన నేమో మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఇందు చట్టమేమి? ఎన్నికలకాలమున శాంతికై ఆయుధములను తాత్కాలికముగా తీసికొనవచ్చును; అందులో సందేహము లేదు. కాని అందఱివద్దనుండి గంపగుత్తగా తీసికొనుమని ఎన్నికల సంఘము చెప్పలేదు. బొంబాయి హైకోర్టు 2009లో ఒక కేసులో మార్గము నేర్పరచినది. జిల్లా మేజిస్ట్రేటును పోలీసు సూపరింటెండెంటును గల పరిశీలక సంఘము ఒక్కొక్క లైసెన్సుదారుని సంగతిని విడివిడిగా చూడవలెను. జామీనుపై నున్నవారు, నేరచరిత్ర గలవారు, మునుపు దొమ్మీలలో, ముఖ్యముగా ఎన్నికలనాటి దొమ్మీలలో, పాల్గొన్నవారు – ఇట్టివారినే యేరవలెను. ఏరినవారికి నోటీసు పంపవలెను. తుపాకి తీసికొనునప్పుడు రసీదు ఇయ్యవలెను. ఫలితములు వెలువడి వారము గడచినపిమ్మట తిరిగి ఇయ్యవలెను. ఎన్నికల సంఘము ఈ పద్ధతినే జిల్లాధికారులకు సూచించినది. అలహాబాదు హైకోర్టును పలుమారులు ఇట్లే చెప్పినది. 2024 మార్చిలో మరల గట్టిగా చెప్పుచు, సామాన్యమైన యాజ్ఞతో అందఱి తుపాకులను తెమ్మనుట కూడదనియు, కారణము వ్రాయబడిన ప్రత్యేకపు టాజ్ఞ కావలెననియు తీర్పు నిచ్చినది.

అట్లయినను ప్రతి యెన్నికకు పాతపద్ధతియే సాగుచున్నది. దీనికి కారణము ద్వేషము కాదు, తేలిక. మూడువందల లైసెన్సులను ఒక్కొక్కటిగా చూచుటకన్న మూడువందల తుపాకులను గదిలో పడవేయుట తేలిక. చిన్న యుద్యోగికి పైనుండి నోటిమాట వచ్చును. అతడు దానినే చట్టమనుకొనును. మన రైతు అతని మాటనే చట్టమనుకొనును. వ్రాతలో ఏమున్నదో ఇరువురిలో నెవరును చూడరు.

లైసెన్సు రద్దు విషయమునను ఇట్టి తొందరయే కలదు. ఎవనిపైననో సరిహద్దుగట్టు తగవులో కేసొకటి నమోదయినంతనే, వానికిక తుపాకి తగదని నిర్ణయించుట చూచుచున్నాము. 17వ సెక్షనులో రద్దునకు కారణములు లెక్కపెట్టి చెప్పబడినవి: చట్టము నిషేధించినవాడగుట గాని, మతిస్థిమితము లేకుండుట గాని, ఇతరవిధముల అనర్హుడగుట గాని, ప్రజాశాంతికి అవసరమగుట, నిజము దాచి లైసెన్సు పొందుట, షరతును తప్పుట మొదలగునవి. కేసు పెండింగులో నున్నదనుటయే చాలిన కారణము కాదని అలహాబాదు హైకోర్టు ఎన్నోసారులు చెప్పినది. రద్దు చేయు అధికారి కారణములను వ్రాయవలెను. ఆ యాజ్ఞపై పై యధికారికి అప్పీలు కలదు. అప్పీలునకు గడువున్నది గావున ఆజ్ఞ అందినదినమునే తేదీ వ్రాసి యుంచుకొనవలెను.

ఇట్టి తగవులు మన దేశమునకే పరిమితములు కావు. అమెరికాలో తుపాకి ధరించుట రాజ్యాంగమున చెప్పబడిన హక్కు. అచ్చటికి మన తెలుగుబిడ్డలు వేలకొలది పోవుచున్నారు గనుక ఒక్క యుదాహరణము చెప్పుదును. ఒహాయో రాష్ట్రమున పిస్తోలును బాహాటముగా నడుమున ధరించుట చట్టసమ్మతము. 2010లో ఆ రాష్ట్రమందలి టొలీడో నగరమున ఒకడు భార్యాబిడ్డలతో కుక్కను త్రిప్పుచు పిస్తోలు ధరించి వీధిలో నడచుచుండెను. ఎవరో ఫోను చేయగా పోలీసు వచ్చి తుపాకి లాగికొని చేతులకు బేడీలు వేసెను. కేసు నిలువలేదు. పిమ్మట అతడు దావా వేయగా 2015లో ఫెడరలు అప్పీలు కోర్టు, చట్టము చేయుమని యనుమతించిన పనిని చేయుటయే నేరానుమానమునకు ఆధారము కానేరదని చెప్పినది. మన చట్టము అమెరికా చట్టము కాదు. అచ్చట హక్కయినది ఇచ్చట అనుమతి. లైసెన్సు చూపుమని యడుగుటకు మన పోలీసువారికి వేఱు కారణమక్కఱలేదు. కాని ఆ తీర్పులోని నీతి రెండు దేశములకును చెల్లును: అనుమతింపబడిన పనిని చేయువానిని నేరస్థునిగా చూడరాదు.

న్యాయము చెప్పునప్పుడు మనవారి తప్పులను గూడ చెప్పవలెను. పెండ్లిలో వరుడు గుఱ్ఱమెక్కగానే ఆకాశమునకు కాల్చుట కొందఱికి గౌరవముగా కనబడును. అట్లు ప్రాణాపాయము కలుగునట్లు కాల్చినవానికి 2019 సవరణ రెండేండ్ల వఱకు కారాగారశిక్షయో, లక్షరూపాయల వఱకు జుల్మానాయో, రెండునో విధించినది. బహిరంగస్థలమున తుపాకిని తగిన తొడుగులో నుంచి, పూర్తిగా కప్పి, తన యధీనమున నుంచుకొని పోవలెనని 2016 నిబంధనలు చెప్పుచున్నవి. భుజమున వ్రేలాడదీసికొని సంతలో తిరుగుటకు లైసెన్సు రాలేదు. లైసెన్సు ఏ ప్రాంతమునకు చెల్లునో అందే వ్రాసియుండును. సరిహద్దు గ్రామములవారు, పెండ్లికో తీర్థమునకో పొరుగు రాష్ట్రమునకు పోవునప్పుడు, దానిని చదివి మఱి కదలవలెను.

పంటరక్షణకు లైసెన్సున్నంతమాత్రమున అడవిపందిని చంపుటకు అనుమతి యున్నట్లు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేఱుగా నున్నది. దానికి వేఱు అనుమతి కావలెను. చప్పుడు చేసి తోలుట వేఱు, చంపుట వేఱు. ఈ భేదము నెఱుగక అటవీశాఖవారి కేసులలో చిక్కినవారు కలరు.

వృద్ధులు ప్రత్యేకముగా వినవలసిన సంగతి యొకటి. లైసెన్సుదారుడు మరణించినపిమ్మట ఆ తుపాకి ఇంట నుండరాదు. వారసులు ఆలస్యము చేయక దానిని సమీపపు ఠాణాలో గాని, లైసెన్సుగల వ్యాపారివద్ద గాని అప్పగించి రసీదు పొందవలెను. పిమ్మట వారసుడు తన పేర లైసెన్సు కోరవచ్చును. తండ్రి పోయిన దుఃఖములో అటకమీద మఱచిన తుపాకి కుమారునిపై కేసయిన సందర్భములు కలవు; అచ్చట పోలీసువారి తప్పు లేదు. ఇంతవఱకు రానేల? డెబ్బదియేండ్లు నిండిన లైసెన్సుదారుడు గాని, ఇరువదియైదేండ్లు తుపాకి నుంచుకొన్నవాడు గాని, తాను బ్రతికియుండగనే వారసుని పేర మార్పించుటకు నిబంధనలు వీలు కల్పించినవి. ఆ వయస్సు వచ్చినవారు ఈ యేడే ఆ పని ప్రారంభించుట మంచిది.

ఇక ఆచరణలో చేయవలసినది చెప్పి ముగింతును. తుపాకితో కదలునప్పుడు అసలు లైసెన్సును వెంట నుంచుకొనుడు. నకళ్లు ఇంట నుంచుడు. ఇతరుని పంపవలసి వచ్చినచో, ఎవరు, ఏ పనికి, ఏ తేదీన, ఎచ్చటికి అని వ్రాసి, సంతకమో వ్రేలిముద్రయో వేసి, లైసెన్సును గూడ ఇచ్చి పంపుడు. గడువు తీరుటకు చాల ముందుగనే దరఖాస్తు పెట్టి దాని రసీదును దాచుడు. తుపాకిని అప్పగింపుమని కబురు వచ్చినచో, వ్రాతమూలకమైన ఆజ్ఞను చూపుమని మర్యాదగా అడుగుడు. ఆజ్ఞ లేకున్నచో కలెక్టరుగారికి అర్జీ పంపుడు. చేనికి కాపలా అవసరమని, నామీద ఏ కేసును లేదని అందు వ్రాయుడు. ఉద్యోగి పట్టుపట్టి తీసికొనినచో అడ్డుపడకుడు. తుపాకి చేతనుంచుకొని వాదించువాని మాట ఎంత న్యాయమైనను వినువాని కది బెదిరింపుగనే తోచును. తుపాకిని ఇచ్చివేసి, దాని నంబరును, తూటాల లెక్కను, తేదీని వ్రాసిన రసీదు తీసికొనుడు. తగవును తరువాత కాగితముమీద నడుపుడు.

నిర్బంధము జరిగినచో ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెనని రాజ్యాంగము చెప్పుచున్నది. ఏడేండ్లవఱకు శిక్ష గల నేరములలో, నిర్బంధము అవసరము కానప్పుడు నోటీసిచ్చి పిలిపింపవలెనని 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షను చెప్పుచున్నది. సాధారణముగా లైసెన్సు తగవులు ఈ తరగతిలోనివే. ఈ రెండు మాటలను ఠాణాలో శాంతముగా చెప్పగల పెద్దమనిషి ఒకడు గ్రామమున నున్నచో, ఎన్నో రాత్రులు ఎందఱో తమ యింటనే నిద్రింపగలరు.

పోలీసువారితో పోరుమని నేను చెప్పుట లేదు. వారి పని కఠినమైనది. గ్రామములో దొంగతుపాకి తిరుగుచున్నచో దానిని పట్టవలసినవారు వారే. లైసెన్సు గలవాడు వారికి సాయపడవలసినవాడు గాని దాగవలసినవాడు కాడు. కాని చట్టము ఇరువురికిని ఒక్కటియే. లైసెన్సును చూపుట రైతు విధి. చూపిన లైసెన్సును చదువుట ఉద్యోగి విధి. ఎన్నికల కబురు ఈసారి వచ్చినప్పుడు, తుపాకులను బండికెత్తకముందు, ఎవరి పేర ఏ యాజ్ఞ వచ్చినదో ఒక్కసారి అడిగి చూడుడు.